శనివారం నాటి నూట రెండు

మా పనిలో సగం నిచ్చెనలెక్కడం, పావు వంతు దుమ్ము తుడవడం. మిగిలిన పావు వంతే కంప్యూటర్లు. నెట్‌వర్క్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి. వాళ్ళు సర్టిఫికెట్లు పట్టుకుని వస్తారు గాని నిచ్చెన ఎటు పట్టుకోవాలో తెలియదు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న సర్వీసు సంస్థలో ఇరవై మూడేళ్ళు పనిచేసి మానేశాను. చేరిన కొత్తలో ఫ్యాక్సు మిషన్లు, ఇంటర్‌కమ్ ఫోన్లు బాగుచేసేవాణ్ణి. తొంభైల చివర్లో కంప్యూటర్లకు వైర్లు లాగడం మొదలైంది. ఆ తర్వాత ఇళ్ళకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అక్కణ్ణుంచి నా బతుకంతా పత్తి విత్తనాల కొట్లు, మిర్చి వ్యాపారుల ఇళ్ళు, అటు పొదిలి, ఇటు దాచేపల్లి దాకా డాక్టర్ల క్లినిక్కులు. సంచిలో వైరు చివర్లకు పిన్నులు బిగించే క్రింపింగ్ ప్లాసు, టెస్టరు, ఒక టిఫిన్ డబ్బా ఉండేవి.

జీతం ఎప్పుడు పెరిగింది, హోదా ఎప్పుడు మారింది అన్నవి ఇక్కడ రాయను. అవి చదివి ఎవరూ బాగుపడరు. నేను చేసిన తప్పులు రెండు రాస్తాను. మొదటిదానికి ఇప్పటికీ నవ్వొస్తుంది. రెండోదానికి రాదు.

బస్సులో రుమాలు

ఇళ్ళలో రౌటరు పెట్టేటప్పుడు తప్పనిసరిగా చేసే పని ఒకటుంది. ఇంట్లో ఉన్న ప్రతి కంప్యూటరుకూ ఒక ఐపీ అడ్రసు, అంటే ఒక నంబరు ఉండాలి. అది లేకపోతే ఆ కంప్యూటరుకు ఏదీ రాదు, దాన్నుంచి ఏదీ పోదు. నంబరు ఇవ్వడానికి రెండు దారులున్నాయి. ప్రతి కంప్యూటరు ముందూ కూర్చుని మనమే చేత్తో కొట్టడం ఒకటి. ఆ పని రౌటరుకే అప్పజెప్పడం రెండోది. ఈ రెండోదాన్నే డీహెచ్‌సీపీ అంటారు. రౌటరు సెట్టింగుల పేజీలోకి వెళ్ళి, ఒక చోట టిక్కు పెట్టి, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా పంచాలో, ఎంత గడువుకు పంచాలో రాసి, సేవ్ కొడితే సరి. కంప్యూటరు ఆన్ కాగానే నంబరు అడుగుతుంది. రౌటరు ఖాళీగా ఉన్నదొకటి ఇస్తుంది.

కస్టమర్లకు నేను దీన్ని బస్సు సీటుతో చెప్పేవాణ్ణి. చేత్తో పెట్టిన నంబరు కిటికీలోంచి రుమాలు వేసి పట్టుకున్న సీటు. రౌటరు ఇచ్చింది కండక్టరు చూపించిన సీటు. ఏ పద్ధతికా పద్ధతి మంచిదే. కండక్టరు రుమాలు చూడకుండా అక్కడ ఇంకొకర్ని కూర్చోబెడితే ఏమవుతుందో మన జిల్లాల వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

నరసరావుపేటలో ఒక పత్తి విత్తనాల వ్యాపారి ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. ఆయన కారు నంబరు అంకెలు కూడితే తొమ్మిది, ఫోను నంబరు కూడితే తొమ్మిది. అడ్రసుల సంగతి చెప్పగానే, "అయితే నా సిస్టానికి చివర తొమ్మిది పెట్టవయ్యా" అన్నాడు. పెట్టాను. రౌటరు పంచే నంబర్లలోంచి ఆ తొమ్మిదిని పక్కకు తీయాలన్న ధ్యాస మాత్రం లేకపోయింది. ఇంట్లో ఉన్నవి మూడే కంప్యూటర్లు కాబట్టి రౌటరు తొమ్మిది దాకా రాలేదు, నాలుగు నెలలు గుట్టుగా గడిచిపోయింది. అప్పుడు మేడ మీది వాటాలో ఆరుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు ఆరు కంప్యూటర్లతో అద్దెకు దిగి, అదే లైను పంచుకున్నారు. ఆరో కంప్యూటరు ఆన్ చేసిన మధ్యాహ్నం ఆయనకు నెట్ పోయింది.

ఫోన్లో ఆయన గొంతు రోడ్డు అవతలి వాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది. "ఏమయ్యా మస్తాన్‌రావూ! నా తొమ్మిదికి కూడా తెగులు పట్టిందా?"

ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్ళినా రౌటరును నూట ఒకటి నుంచి పంచమని చెప్పి, వందలోపు నంబర్లను చేతి నంబర్లకు వదిలేసేవాణ్ణి. మీరూ అలాగే చేయండి. ఈ ఒక్క అలవాటుతో నాకు అన్నీ తెలిసిపోయాయనుకున్నాను. తెలియలేదు.

శేషయ్య గారు

మా సంస్థ యజమాని శేషయ్య గారు. కోపం ఎక్కువ, మాట తక్కువ. కస్టమరు ఇంటి గుమ్మం బయటే చెప్పులు విడవాలి, ఇచ్చిన మంచినీళ్ళు తాగాలి, ఇల్లాలు ఏం చెప్పినా అడ్డు రాకుండా వినాలి అనేవారు. ఆయన నాకు నేర్పినది ఒకటి చెబుతాను.

ఒకసారి పొదిలి క్లినిక్ నుంచి ఫోన్ చేసి, "రౌటరు కాలిపోయిందండీ, కొత్తది పంపండి" అన్నాను.

"పొగ చూశావా?"

"లేదండీ."

"వాసనొచ్చిందా?"

"లేదండీ. లైట్లు వెలగట్లేదు."

"అయితే లైట్లు వెలగట్లేదని చెప్పు. కాలిపోయిందని నీకెవరు చెప్పారు? చూసింది వేరు, అనుకుంది వేరు. రెండూ కలిపి నాకు వడ్డించకు."

నర్సు సూదులు మరిగించే కరెంటు స్టవ్ పెట్టుకోవడానికి రౌటరు ప్లగ్గు పీకి పక్కన పెట్టిందట. మళ్ళీ పెట్టగానే వెలిగింది. గుంటూరు తిరిగొచ్చాక ఆయన దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. ఆ సిగ్గు ఎన్నాళ్ళుంది అంటే, సాంబయ్య గారి ఇంటి దాకా కూడా లేదు.

సాంబయ్య గారి ఇల్లు

సాంబయ్య గారు మిర్చి ఎగుమతి వ్యాపారి. మిర్చి యార్డుకు దగ్గర్లోనే ఇల్లు. పైన కాపురం, కింద ముందు హాల్లో ఆఫీసు. కంప్యూటర్లు మూడు. ఒకటి ఆయనది. ఒకటి ఆయన బావమరిది రవిది. ఇంకొకటి కంప్యూటరు ఆపరేటరు సునీతది. ప్రింటరు సాంబయ్య గారి కంప్యూటరుకే తగిలించి ఉండేది. మిగతా ఇద్దరూ నెట్‌వర్క్ మీద దానికే ప్రింట్లు పంపుకోవాలి.

రౌటరు పెట్టింది నేనే. డీహెచ్‌సీపీ ఆన్ చేసి, నూట ఒకటి నుంచి పంచమని పెట్టాను. ఆ రోజు మూడు కంప్యూటర్లకూ వచ్చిన నంబర్లు చూసి, ఒక చీటీ మీద రాసి రౌటరు నెత్తిన అంటించాను. నూట ఒకటి సాంబయ్య గారు, నూట రెండు సునీత, నూట మూడు రవి. ప్రింటరు ఎక్కడుందంటే నూట ఒకటిలో ఉందని మిగతా రెండు కంప్యూటర్లకూ చెప్పాను. నిజానికి రౌటరులో ఇంకో పేజీ ఉంటుంది. ఒక్కో యంత్రానికి పుట్టుకతో వచ్చే గుర్తు సంఖ్యను అక్కడ రాస్తే, ఆ యంత్రానికి ఎప్పుడూ అదే నంబరు దక్కుతుంది. పది నిమిషాల పని. నేను చేయలేదు. రోజూ ఇవే నంబర్లు వస్తాయిలే అనుకున్నాను. చూసింది ఆ ఒక్క రోజు, అనుకుంది అన్ని రోజులకూ.

ఆ ఇంటికి రెండు పద్ధతులున్నాయి. సాయంత్రం ఆఫీసు కట్టెయ్యగానే కింది హాలు మెయిన్ స్విచ్ దించేసేవారు, పిడుగుల భయం. ఆ రకం రౌటరుకు కరెంటు పోతే ఎవరికి ఏ నంబరు ఇచ్చిందో గుర్తుండదు. పొద్దున్నే ఎవరు ముందు ఆన్ చేస్తే వాళ్ళకు నూట ఒకటి, తర్వాతి వాళ్ళకు నూట రెండు, అలా వరసగా ఇచ్చుకుంటూ పోయేది. మొదటి పద్ధతి నేను చూశాను, పట్టించుకోలేదు. రెండో పద్ధతి సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే నాకూ తర్వాతే తెలిసింది.

పనివాళ్ళు ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారో తనకు తెలియాలని సాంబయ్య గారు అడిగారు. రౌటరులో దానికి వీలుంది. ఏ నంబరు, ఏ టైముకు, ఏ సైటు తెరిచిందో ఆ జాబితా రోజూ సాయంత్రం ఆరింటికి ఆయన మెయిలుకు వెళ్ళేలా పెట్టాను. ఆయన మురిసిపోయి కాఫీ తెప్పించారు. నేనూ మురిసిపోయాను.

సునీత గురించి చెప్పాలి. ఇరవై రెండేళ్ళ పిల్ల. చిలకలూరిపేట దారిలో ఒక పల్లె. తండ్రి లేడు. తల్లి దీనమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. వాళ్ళ చర్చి పాస్టరు గారు ఫీజు కట్టి పిల్లకు కంప్యూటరు కోర్సు నేర్పించారు. సాంబయ్య గారి ఆఫీసులో చేరిన రోజే తల్లిని తొడిమల పని మాన్పించిందట. ఆ ఘాటుకు దీనమ్మకు అప్పటికే ఆయాసం పట్టుకుంది, వేళ్ళు పగిలి ముద్ద కలుపుకోవడం కూడా కష్టమయ్యేది. ఈ సంగతులన్నీ కేబులు లాగుతున్నప్పుడు సునీత మాటల్లో చెప్పింది. ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. వైరు చివర పట్టుకోమంటే పట్టుకునేది.

నేను చదివిన జాబితా

బ్రాడ్‌బ్యాండ్ పెట్టిన ఏడాదికి ఒక మంగళవారం సాంబయ్య గారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి హాల్లో ముగ్గురూ ఉన్నారు. ఆయన కుర్చీలో, రవి గుమ్మానికి ఆనుకుని, సునీత తన బల్ల దగ్గర నిలబడి.

జరిగింది ఇది. ఒక పెద్ద కొనుగోలుదారుకు సాంబయ్య గారు పంపబోయే రేట్ల కాగితం పోటీ వ్యాపారికి ముందే మెయిల్లో చేరింది. ఆ పోటీ వ్యాపారి దగ్గర పనిచేసే ఒక బ్రోకరు, పాత స్నేహం కొద్దీ, ఆ మెయిలు ప్రింటు తీసి ఈయనకు చూపించాడు. ఏదో దొంగ పేరుతో తెరిచిన ఉచిత మెయిలు. శనివారం పదకొండుంపావుకు పంపినట్టుంది.

"ఆ టైములో ఆ మెయిలు సైటు ఎవరు తెరిచారో చూసి చెప్పు మస్తాన్‌రావూ" అన్నారు.

శనివారం జాబితా తెరిచాను. రౌటరు గడియారం సరిగ్గా ఉందో లేదో చూశాను, ఉంది. పదకొండుకూ పదకొండున్నరకూ మధ్య ఆ సైటు తెరిచింది ఒకే ఒక్క నంబరు. నూట రెండు.

"నూట రెండెవరయ్యా?"

నేను తలెత్తి రౌటరు మీది చీటీ చూశాను. "సునీతదండీ" అన్నాను.

రవి వెంటనే, "నేనప్పుడే చెప్పా గదా బావా" అన్నాడు.

సునీత ఏడవలేదు. నా వైపు తిరిగింది. "సార్, నేను కాదండీ. ఇంకోసారి చూడండి సార్. శనివారాలు ఏదో తేడాగా ఉంటందండీ. శనివారం నా సిస్టం నుంచి ప్రింటు కూడా రాదు. మిగతా రోజులన్నీ వస్తది."

"ప్రింటుకీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నాను. చాలా మర్యాదగానే అన్నాను.

ఆ మాటను నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఆ అమ్మాయికి డీహెచ్‌సీపీ అంటే తెలియదు. తన కళ్ళతో చూసింది మాత్రం సరిగ్గా చెప్పింది. తెలిసినవాణ్ణి నేను. నాకు చీటీ ఉంది కాబట్టి వినబుద్ధి కాలేదు. ఇంకా సిగ్గుపడాల్సింది ఏమిటంటే, ఆ జాబితాలో పదకొండు గంటల దగ్గరకు నేరుగా వెళ్ళి చదివానే గాని, పైకి వెళ్ళి పొద్దుటి వరసలు చదవలేదు. రౌటరు ఆ పొద్దున ఏ యంత్రానికి ఏ నంబరు ఇచ్చిందో అక్కడే రాసి ఉంది.

సాంబయ్య గారు ఆమె నెల జీతం లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు. సునీత తీసుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నేను సంతకం పెట్టించుకుని సర్వీసు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ప్రింటు రాని శనివారం

నెలన్నర తర్వాత అదే ఇంటి నుంచి మళ్ళీ ఫోన్. కొత్త ఆపరేటరు వచ్చాడు, కొంచెం పెద్దవాడు. "శనివారాలు ప్రింటు రావట్లేదండీ" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు సునీత గుర్తొచ్చింది. వచ్చే శనివారం వస్తానని చెప్పి, పొద్దున్నే తొమ్మిదింటికల్లా వెళ్ళి కూర్చున్నాను.

ఆపరేటరు పైనుంచి తాళాలు తెచ్చుకున్నాడు. మెయిన్ ఎత్తాడు, తన కంప్యూటరు ఆన్ చేశాడు. సాంబయ్య గారు పూజ ముగించుకుని కిందికి వచ్చి, కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు గాని కంప్యూటరు ముట్టుకోలేదు. పదింటికి రవి వచ్చి తనది ఆన్ చేసుకున్నాడు. సాంబయ్య గారు ఇంకా పేపరే.

"తమరు ఆన్ చెయ్యలేదేంటండీ?" అని అడిగాను.

"శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం గదయ్యా. లెక్కల పెట్టె ఎట్టా తెరుస్తాను?"

"మరి ఆఫీసు తెరిచారు కదండీ?"

"రాహుకాలం యాపారం చేసేవాడికి గాని, జీతగాళ్ళకెందుకు?" అన్నారు, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

ఆ ఇంటి రెండో పద్ధతి అదన్నమాట. మిగతా రోజుల్లో రాహుకాలం తొమ్మిదింటికి అడ్డం రాదు. సోమవారం సరిగ్గా తొమ్మిదికి ముగుస్తుంది, తక్కిన రోజుల్లో ఆ తర్వాతెప్పుడో వస్తుంది. కాబట్టి రోజూ ఆయనే అందరికన్నా ముందు ఆన్ చేస్తారు, నూట ఒకటి ఆయనకు దక్కుతుంది. ఒక్క శనివారం మాత్రం ఆయన అందరికన్నా వెనక. పదిన్నర దాటాక ఆయన ఆన్ చేశారు. నేను లేచి ఒక్కో కంప్యూటరు దగ్గరకూ వెళ్ళి నంబరు చూశాను. ఆపరేటరుది నూట ఒకటి. సాంబయ్య గారిది నూట మూడు. ప్రింట్లు నూట ఒకటికి పంపమని నేను చెప్పాను కాబట్టి, ఆపరేటరు కంప్యూటరు తన ప్రింటును తనకే పంపుకుంటోంది.

రవిది నూట రెండు.

సాంబయ్య గారి మెయిల్లో ఆ పాత శనివారం జాబితా తెరిపించాను. ఈసారి పైనుంచి చదివాను. తొమ్మిదీ అయిదుకు సునీత కూర్చున్న యంత్రానికి నూట ఒకటి. పదికి రవి యంత్రానికి నూట రెండు. పదీ ముప్పై నాలుగుకు ఆయనకు నూట మూడు. యంత్రాల గుర్తు సంఖ్యలు బల్లల కింద వంగి ఒక్కొక్కటీ సరిచూశాను. అనుమానానికి చోటు లేదు.

సాంబయ్య గారిని ఒక్కరినే వరండాలోకి పిలిచి చెప్పాను. హాల్లో రవి ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నాడు.

"ఇది ఇక్కడితో వదిలెయ్ మస్తాన్‌రావూ" అన్నారు.

"ఆ పిల్ల పేరు పోయిందండీ. యార్డు చుట్టుపక్కల ఎవరూ పనివ్వట్లేదట."

"దాన్ని మళ్ళీ పిలిస్తే వీణ్ణి ఏమని పంపాలి? మా ఆవిడకి ఏం చెప్పాలి? నువ్వు చెప్పు."

ఆయన దుర్మార్గుడని నేను అనను. ఒకరిని వదులుకోవాల్సి వచ్చినప్పుడు ఎవరిని వదులుకుంటే ఇంట్లో గొడవ ఉండదో వాళ్ళను వదులుకున్నారు. చాలామంది చేసే పనే. కాని ఆయన ఆ పని చేయడానికి వీలు కల్పించింది నా నోటి మాట. ఆ పూట నూట ఒకటి, నూట రెండు, నూట మూడు నంబర్లను యంత్రాల గుర్తులకు కట్టేసి, చీటీ పీకేసి వచ్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు.

తెల్లకాగితం

శేషయ్య గారికి అంతా చెప్పి, సంస్థ లెటర్‌హెడ్ మీద ఒక కాగితం ఇమ్మన్నాను. సునీతదని మేము చెప్పిన నంబరు ఆ రోజు సునీతది కాదు, అంతే రాస్తే చాలన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "సాంబయ్య గారు యార్డులో పది మందికి మాట చెప్పే మనిషి. సంస్థ పేరు మీద వద్దు. నీ పేరు మీద రాసుకుంటే నేను అడ్డు చెప్పను."

ఆయన దగ్గర నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. ఆ రోజు మాత్రం ఆయన నాకు నచ్చలేదు. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు ఆయన లేరు కాబట్టి రాస్తున్నాను.

సోమవారం సెలవు పెట్టి చిలకలూరిపేట దారిలో వాళ్ళ పల్లెకు వెళ్ళాను. ఇంటికి తాళం. తొడిమల షెడ్డులో ఉంటారని పక్కింటామె చెప్పింది. రేకుల షెడ్డు, కుప్పలుగా ఎర్రటి కాయలు, వాటి చుట్టూ ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు. నాకు గుమ్మంలోనే తుమ్ములు మొదలయ్యాయి. సునీత తల్లి పక్కనే కూర్చుని కాయ పుచ్చుకుని తొడిమ తుంచుతోంది. దీనమ్మ దగ్గు అందరి మాటల మీదుగా వినిపిస్తోంది.

సునీత బయటికొచ్చింది. గుడ్డ విప్పింది. వేళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. నంబర్లు, రాహుకాలం, నేను చదవని పొద్దుటి వరసలు, అన్నీ. తప్పు నాదని చెప్పాను. ఆమె వింటున్నంతసేపూ నేల వైపే చూసింది.

వెనకాలే వచ్చిన దీనమ్మ, "ఆయన మళ్ళా రమ్మన్నారా బాబూ?" అని అడిగింది.

"లేదమ్మా."

"మరి తవరెందుకొచ్చారు?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగింది.

మీకు ఎక్కడైనా పని దొరికే వీలుందా అని సునీతను అడిగాను. రోడ్డు మీదున్న కోల్డ్ స్టోరేజీలో కంప్యూటరు మనిషి కావాలన్నారట. మేనేజరు పరీక్ష పెట్టి, బాగా చేశావని, రేపు రమ్మని, మర్నాడు వెళ్తే సాంబయ్య గారి ఆఫీసు సంగతి విన్నామని పంపేశాడట. ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందట.

అక్కడే బస్తా మీద కూర్చుని తెల్లకాగితం మీద రాశాను. నా పేరు, నా ఊరు, నేను చేసే పని. ఫలానా శనివారం నూట రెండో నంబరు సునీతదని నేను చెప్పడం తప్పు, ఆ సమయంలో ఆ నంబరు ఆమె కూర్చున్న యంత్రానిది కాదు, ఇది నేను స్వయంగా సరిచూశాను అని రాశాను. మరి ఎవరిదో రాయలేదు. పిరికితనం అంటారేమో, అనుకోండి. ఆమె పేరు కడగడానికి ఇంకొకరి పేరు అవసరం లేదనుకున్నాను. సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాను.

సునీత ఒకసారి చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. కాగితం తిరిగి నా చేతిలో పెట్టింది.

"నేను ఆ రోజే చెప్పానని రాయలేదు సార్."

"ఏమిటమ్మా?"

"శనివారం తేడా ఉందని నేను ఆ రోజే చెప్పా. మీరు వినలేదు. అది కూడా రాయండి."

ఆమె గొంతు పెంచలేదు. నేను సంతకం పైన కొంచెం ఖాళీ ఉంటే అక్కడ ఇరికించి రాశాను: ఈ అమ్మాయి ఆ రోజే కారణం చెప్పింది, నేను వినలేదు.

అక్కడి నుంచే ముగ్గురం కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాం. తల్లీకూతుళ్ళు గేటు దగ్గర నిలబడ్డారు. మేనేజరు కాగితం చదివి నా వంక ఎగాదిగా చూశాడు.

"ఇది బయటికి పోతే రేపు మిమ్మల్ని ఇళ్ళలోకి ఎవరు పిలుస్తారండీ?"

"తెలుసండీ."

మళ్ళీ కాగితంలోకి చూశాడు. వేలు చివరి వరస మీద పెట్టాడు. "ఈ ఇరికించి రాసింది మీ అంతట మీరే రాశారా?"

"కాదండీ. ఆ అమ్మాయి రాయమంది."

ఆయన ఆ వరస ఇంకోసారి చదివి, కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి గేటు వైపు చూశాడు.

"చెయ్యి కడుక్కుని లోపలికి రమ్మనండి" అన్నాడు. "ఈ పూట నుంచే చెయ్యమనండి."